కాగితాల గది

మార్చి 3, సోమవారం

తాళం వేశాను.

వేసింది నేనే అయినా వెయ్యమన్నది వాడు. ఈ సంగతి అన్నిటికన్నా ముందు రాసి పెట్టుకోవాలి, రేపు నాకే అనుమానం రాకుండా.

పొద్దున ఇంటి ముందరి బైండింగ్ షాపు తియ్యడానికి వచ్చేసరికి తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఉంది. దేనితో తడిసిందో అడగలేదు, వాసనే చెప్పింది. మరదలు వాణ్ని ఇంట్లోంచి బయటికి నెట్టి తలుపేసుకుని పదిహేను రోజులైంది. మొన్న కటింగ్ మిషన్ బ్లేడు వాడి బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో దిగింది. నలభై ఏళ్లు రాని బైండరు, చేతులు వణికి కాగితం సరిగ్గా పట్టుకోలేకపోతున్నాడు.

"అక్కా, నన్ను కాగితాల గదిలో పెట్టి తాళం వెయ్యి. నలభై రోజులు."

"నీకేమైనా పిచ్చా?"

"ఏడుస్తాను, తిడతాను, కాళ్లు పట్టుకుంటాను. లోపలి నుంచి నేను ఏం చెప్పినా నమ్మకు. నమ్మనని నాన్న మీద ఒట్టెయ్యి."

వేశాను. ఒట్టూ, తాళమూ.

కాగితాల గది అంటే నాన్న రీములు పెట్టుకున్న గది. మంచం వెయ్యడానికి చోటు సరిపోయింది. వెనక కుళాయి, బాత్రూం ఉన్నాయి. నడవ వైపు చిన్న కౌంటరు కిటికీ, ఊచల కింద పళ్లెం జరిపేంత సందు. వాడి ఫోను నా దగ్గరే పెట్టుకున్నాను. పక్క వీధి కంపౌండరు గారు మధ్యాహ్నం వచ్చి లోపలికెళ్లి చూసి, డాక్టరు చేత మాత్రలు రాయించుకొచ్చి ఇచ్చారు. ఇలాంటప్పుడు రోజూ జరిగిన మంచి ఒకటైనా రాసుకుంటే మనసు కుదుటపడుతుందని ఆయనే చెప్పారు. ఈ తెల్ల పుస్తకం తమ్ముడు కుట్టిందే. అట్ట కాస్త వంకర వచ్చిందని అమ్మకుండా పడేశాడు.

ఇవాళ్టి మంచి: వాడు తనంతట తానే అడిగాడు.

మార్చి 5

అరిచాడు. మంచి: గొంతులో బలం ఉంది.

మార్చి 6

నన్ను అనరాని మాటలన్నాడు. పెళ్లి చేసుకోకుండా మిగిలిపోయినదానివి, నీకు మొగుడెందుకు, తాళం చెవి చాలు అన్నాడు. అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు, నాకు పదహారు. వాడి ముక్కు తుడిచిన చేతులివి. సరే, అన్నది వాడు కాదు, వాడిలోని మందు. కటింగ్ మిషన్ ఆడిస్తూ కూర్చున్నాను, కొయ్యాల్సింది ఏమీ లేకపోయినా. ఆ చప్పుడులో మాటలు వినపడవు.

మార్చి 9

కంపౌండరు గారు పొద్దునా సాయంత్రమూ వస్తున్నారు. "గండం గడిచిందమ్మా" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వద్దంటున్నా టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేశాను.

మార్చి 14

నాలుగు రొట్టెలు, రెండు గుడ్లు, ఒక అరటిపండు. పళ్లెం కడిగి మరీ సందులోంచి జరిపాడు. పెళ్లానికి ఎప్పుడైనా కడిగి ఇచ్చాడో లేదో. ఎంత అదృష్టవంతురాలినో నేను.

మార్చి 20

పని అడిగాడు. సూది ఇవ్వడానికి ఒక నిమిషం ఆలోచించాను. ఇచ్చాను. కుట్టు బల్ల, మైనం రాసిన దారం, జిగురు గిన్నె, అట్టలు అన్నీ చేర్చాను. బ్లేడు మాత్రం లోపలికి పోదు, కోత నాది. వాడు పదహారేసి పేజీల మడతలు, ఫారాలు, కుట్టి నాకిస్తాడు, నేను అంచులు కోసి తిరిగిస్తాను, వాడు అట్ట వేస్తాడు.

సాయంత్రానికి ఒక పుస్తకం చేతికొచ్చింది. వెన్ను మీద చెయ్యేసి నిమిరాను. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. పదేళ్ల కిందటి చెయ్యి తిరిగొచ్చింది. కౌంటరు దగ్గర నిలబడి ఏడ్చాను, వాడు చూడకుండా.

మార్చి 29

సాయంత్రాలు బాగుంటున్నాయి. షాపు కట్టేసి కౌంటరు కిటికీ ఇవతల స్టూలు వేసుకుంటాను. అవతల వాడు కుడుతూ ఉంటాడు. నేను పేపరు చదువుతాను, వాడు వెక్కిరిస్తాడు.

"అక్కా, నువ్వు చావు కబుర్లు కూడా పెళ్లి కబుర్లలా చదువుతావు."

"నువ్వు వింటున్నావా లేదా?"

"వినక ఎక్కడికి పోతాను?"

ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. పెళ్లయ్యాక వాడు నాతో ఇంతసేపు మాట్లాడింది లేదు. వచ్చేవాడు, పని చేసేవాడు, గడియారం చూసేవాడు, ఇంటికి పోయేవాడు. తర్వాత తర్వాత ఇంటికీ పోలేదనుకో. ఇప్పుడు గడియారం చూడడు. ఆ గదిలో గడియారం లేదు.

ఈ రోజులు ఇచ్చినందుకు దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు.

ఏప్రిల్ 4

లైబ్రరీ ఆవిడ అరవై సంపుటాలు పంపింది. అన్నీ వెన్ను విరిగినవే. వాడికి చేతినిండా పని.

ఏప్రిల్ 11, శుక్రవారం

పని ఎక్కువ. రాయడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 12

పళ్లెం తీసుకోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, నిన్నటితో నలభై."

"అవునా?"

"అవును. రోజుకో ముడి దారానికి వేశాను. నీ దగ్గర క్యాలెండరుంది కదా, చూడు."

"లైబ్రరీ పని సగంలో ఉంది కదరా. అది కానివ్వు. అదీగాక మూల మీద కొత్తగా ఇంకో బార్ తెరిచారు, నీకు తెలీదు. రోజూ దాన్ని చూస్తూనే పోవాలి."

"ఎన్నాళ్లక్కా?"

"పది రోజులు. పది రోజుల్లో కొంపలు మునిగిపోవు."

అప్పుడు గొంతు పెంచాడు. నేను బాగున్నాను, నా మీద ఒట్టు, పాప మీద ఒట్టు అన్నాడు. ఇదిగో, సరిగ్గా దీని గురించే వాడు ముందే హెచ్చరించాడు. లోపలి నుంచి ఏం చెప్పినా నమ్మొద్దని. ఎంత ముందుచూపు వాడికి! వాడి మాటే నన్ను నిలబెట్టింది.

ఏప్రిల్ 13

పళ్లెం కింద చీటీ పెట్టాడు. చదవకుండా పొయ్యిలో వేశాను. లోపలి నుంచి వచ్చింది మాటైతేనేం, కాగితమైతేనేం.

ఏప్రిల్ 15

కంపౌండరు గారు వచ్చారు. తమ్ముడి నాలుక, కళ్లు చూశారు. బయటికొచ్చి, తాళం వేస్తున్న నా చేతి వంక చూశారు.

"ఇక చాలమ్మా. మనిషి శుభ్రంగా తేరుకున్నాడు. తాళం అవసరం లేదు."

"బయటికెళ్లి మళ్లీ తాగితే?"

"తాగితే తాగుతాడు. అప్పుడు చూద్దాం. తాళం వ్యాధికి మందమ్మా, మనిషికి కాదు."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో తాగేవాణ్ని ఒక్కణ్ని సాకినవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ. మర్యాదగానే, ఇకనుంచి శ్రమ పడొద్దని, అవసరమైతే కబురు చేస్తానని చెప్పాను. ఆయన చేసిన మేలు మాత్రం మరువను. మరిచేదాన్ని కాదు.

ఏప్రిల్ 19, శనివారం

మరదలు వచ్చింది. పాపని వెంటబెట్టుకుని వచ్చింది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను కౌంటరు దగ్గర అట్టలు కొలుస్తున్నాను. "వదినా" అని పిలుపు. తలెత్తితే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. పాప పొడుగైంది. ఎనిమిదేళ్ల పిల్లకి అప్పుడే మోకాళ్ల మీదికి వచ్చింది గౌను.

"ఆయన మానేశారట కదా వదినా. కంపౌండరు గారు దారిలో కనపడి చెప్పారు. ఒకసారి చూసి వెళ్దామని."

"ఊళ్లో లేడమ్మా," అన్నాను. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "కాగితం కొనడానికి మిల్లుకి పంపాను."

పాప కిందికి చూసి, "నాన్న చెప్పులు ఇక్కడే ఉన్నాయిగా అత్తా?" అంది.

"కొత్తవి కొనుక్కున్నాడే తల్లీ."

మరదలు చెప్పుల వంక చూసింది. పాతవే అయినా, నిన్ననే తుడిచి పెట్టాను నేను. రోజూ తుడుస్తున్నాను. ఆ తర్వాత నా మొహంలోకి చూసింది.

"మళ్లీ మొదలెట్టారా వదినా? నిజం చెప్పండి. ఎక్కడ పడున్నారో మీకు తెలుసు, నాకు చెప్పలేకపోతున్నారు. అంతేనా?"

నేను నోరు మెదపలేదు.

అదీ జరిగింది. నేను అవుననలేదు. కాదనలేదు. ఆవిడ అనుకున్నది ఆవిడ అనుకుంది.

"సరే," అంది. కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "మా అన్నయ్య రమ్మంటున్నాడు. పాపని అక్కడే బళ్లో వేస్తాను. ముప్ఫయ్యో తారీకు వెళ్లిపోతున్నాం. ఆయన తిరిగొస్తే చెప్పండి. ఈసారి వచ్చి బతిమాలినా నేను రాను, అది కూడా చెప్పండి."

గుమ్మం దిగుతూ పాప వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు, చెప్పుల్ని.

కాగితాల గదిలోంచి చప్పుడు లేదు. పడుకుని ఉంటాడు. వినలేదు, అదొక్కటే ఈ రోజుకి మంచి.

ఏప్రిల్ 20

ఏమీ అడగలేదు. కుడుతున్నాడు.

ఏప్రిల్ 21

అడగడం పూర్తిగా మానేశాడు. అలవాటు పడ్డాడు పాపం. పేపరు చదివితే "ఊఁ" అంటున్నాడు. గొడవ లేకుండా, అరుపు లేకుండా ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇంతకన్నా ఏం కావాలి నాకు?

ఏప్రిల్ 23

అరవై సంపుటాలూ లైబ్రరీకి చేర్చాం. లైబ్రరీ ఆవిడ ఒక్కోటి చేతిలోకి తీసుకుని, "మీ తమ్ముడి చేతికి మొక్కాలండి" అంది. నాకే మొక్కినట్టు పొంగిపోయాను. ఆ చేతిని కాపాడింది ఎవరట?

పని అయిపోయింది. పది రోజులూ అయిపోయాయి. రేపు ఆలోచిద్దాం.

ఏప్రిల్ 25

తలనొప్పి. పడుకున్నాను.

ఏప్రిల్ 26, శనివారం

పుస్తకం తిరిగొచ్చింది.

నాన్న షాపు పెట్టినప్పటి నుంచి మా దగ్గర కట్టిన పుస్తకం ఒక్కటి కూడా తిరిగి రాలేదు. లైబ్రరీ ఆవిడ మొహమాటపడుతూ పదిహేడో సంపుటం బల్ల మీద పెట్టింది. మధ్యలో ఒక ఫారం తలకిందులుగా ఉంది. పదహారు పేజీలు శీర్షాసనం వేసినట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ ముందు నవ్వాను, "పర్వాలేదండి, రెండు రోజుల్లో ఇస్తాం" అన్నాను.

తప్పు వాడిదే కాదు, నాది కూడా. ఒకరు కుట్టింది అట్ట వేసే ముందు రెండోవారు ఫారం ఫారం తిప్పి చూడాలి. అది నాన్న పెట్టిన పద్ధతి. ఈ నెల రోజుల్లో నేను ఒక్కటి కూడా తిప్పి చూడలేదు. వాడి పని అంత నమ్మకంగా ఉంది. ఇంకో పద్ధతి కూడా పెట్టాడు నాన్న. పొరపాటు వచ్చిన పుస్తకాన్ని చేసినవాడు విప్పకూడదు, రెండోవాడే విప్పాలి, లేకపోతే చేసినవాడు తన తప్పు తనే కప్పేసుకుంటాడని.

కాబట్టి నేనే విప్పాను. వెన్ను మీది గుడ్డ కోశాను. గుడ్డకీ వెన్నుకీ మధ్య బోలులో మడతపెట్టిన కాగితం ఉంది, జిగురు అంటకుండా మైనం రాసి.

తర్వాత రాస్తాను.

ఏప్రిల్ 27

ఆ కాగితం ఇక్కడ అతికిస్తే సరిపోయేది. అతికించబుద్ధి కాలేదు. నా చేత్తో రాసుకుంటాను, అప్పుడైనా బుర్రకెక్కుతుంది.

"అక్కా,

ఈ పుస్తకం తిరిగొస్తే నువ్వే విప్పుతావు. చీటీ ఇస్తే పొయ్యిలో వేస్తున్నావు, పొయ్యి వాసన నాకు వస్తుంది. పుస్తకాన్ని పొయ్యిలో వెయ్యవని తెలుసు.

నన్ను బతికించావు. ఇది ముందు రాస్తున్నాను, ఎందుకంటే ఇది నిజం. మూడో రోజు నువ్వు తలుపు తీసుంటే నేను ఈపాటికి ఏ కాలవ పక్కనో పడుండేవాణ్ని. చచ్చేదాకా ఈ మేలు మరిచిపోను.

కానీ లోపలి నుంచి ఏం చెప్పినా నమ్మొద్దన్న రోజు నేను తాగి ఉన్నానక్కా. నువ్వు తాగినవాడి మాట పట్టుకుని, తాగనివాడి మాట కాదంటున్నావు.

తను వచ్చిన రోజు నేను తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. పాప చెప్పుల గురించి అడగడం విన్నాను. నువ్వు ఏమీ చెప్పకపోవడం కూడా విన్నాను. ఒక్క కేక వేస్తే చాలు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. కేక వేసుంటే నేను బయటపడేవాణ్ని, నువ్వు ఏమయ్యేదానివి? వీధి వీధంతా వచ్చి నిన్ను చూసేది. నన్ను పెంచినదాన్ని అలా చూడనివ్వలేను.

ముప్ఫయ్యో తారీకు వాళ్లు వెళ్లిపోతారు. అప్పటిదాకా అరవను. ఆ తర్వాత కూడా అరవను. కాబట్టి నువ్వే తియ్యాలి.

పుస్తకం పాడుచేసినందుకు క్షమించు. కుట్టేటప్పుడు చెయ్యి రాలేదు."

మొదట నాకు వచ్చింది కోపం. ఇంత మంచి సంపుటం, ఇంత చక్కటి కుట్టు, కావాలని తలకిందులు చేస్తాడా? లైబ్రరీ ఆవిడ ముందు నాన్న పేరు పోగొడతాడా? ఆ ఫారం ఊడదీసి, సరిచేసి, మళ్లీ కుట్టాను. నా కుట్టు వాడి కుట్టు పక్కన పిల్లకాకి గీతలా ఉంది.

ఏప్రిల్ 28

తీద్దామని వెళ్లాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. చెవి చేతిలోనే ఉంది. రెండుసార్లూ టీ ఇచ్చి వచ్చాను.

ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు, మరి ఇందులో కూడా ఎవరికి నచ్చచెబుతున్నాను? రాసేస్తాను. వాడు బయటికెళ్లి తాగుతాడని కాదు నా భయం. తాగకుండా ఉంటాడని. తాగకపోతే వాడికి ఇల్లుంది, పెళ్లాముంది, పాపుంది. పొద్దున వస్తాడు, గడియారం చూస్తాడు, పోతాడు. కిటికీ ఇవతల స్టూలు ఖాళీగా ఉంటుంది. ఆ నలభై రోజులు వాడి కోసం వేశాను తాళం. ఆ తర్వాతివి నా కోసం వేసుకున్నాను.

నోట్లో దుప్పటి కుక్కుకున్నాడట. నా పరువు కోసం.

ఏప్రిల్ 29, మంగళవారం

తీశాను. పొద్దున ఎనిమిదింటికి, షాపు తెరవక ముందే.

వాడు స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని ఉన్నాడు. రోజూ అలాగే తయారై కూర్చుంటున్నాడేమో, నేను ఎప్పుడూ గమనించలేదు. చెప్పులు తెచ్చి గడప ముందు పెట్టాను. ఫోను చేతికిచ్చాను. చెప్పాల్సింది చాలా ఉంది, ఒక్కటే చెప్పగలిగాను: "ఆ రోజు నేను మీ ఆవిడకి చెప్పింది అబద్ధమని చెప్పు. నేనే చెప్పమన్నానని చెప్పు."

"ఎందుకులే అక్కా."

"చెప్పరా."

వెళ్లాడు. వీధి చివర ఎడమకి తిరిగితే బార్, కుడికి తిరిగితే ఇల్లు. యాభై ఎనిమిది రోజులు వాడి ప్రతి ముద్దా లెక్కపెట్టినదాన్ని, ఎటు తిరిగాడో చూడటానికి కాళ్లు గుమ్మం దాకా వెళ్లాయి. చూడకుండానే వెనక్కొచ్చి కాగితాల గది ఊడ్చాను. మంచం కింద దారం దొరికింది, ముళ్లు వేసింది. లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

పాప ఫోన్ చేసింది.

"అత్తా, నాన్న నిన్న వచ్చాడు! అమ్మ చాలాసేపు ఏడ్చింది. మామయ్య దగ్గరికి వెళ్లట్లేదు మేము. ఇప్పుడు నాన్న బాల్కనీలో కూర్చున్నాడు. నువ్వు నాన్నకి మందు మాన్పించావట కదా, నాన్న చెప్పాడు."

"ఇంకేం చెప్పాడు?"

"అంతే."

అంతేనట. తాళం గురించి, చెప్పుల గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ఫోను పెట్టేసి, స్టూలు మీద కూర్చుని, తనివితీరా ఏడ్చాను. ఇలాంటి తమ్ముణ్ని ఇచ్చినందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో అందరికీ పెట్టాను. అమ్మకీ, నాన్నకీ, కంపౌండరు గారికీ. ఆయన ఇంటికెళ్లి క్షమాపణ అడిగాను కూడా. "షాపుకొచ్చినప్పుడు టీ ఇవ్వండి చాలు" అన్నారు.

నిన్నటిది ఒకటి రాయలేదు. రాయకపోతే ఈ పుస్తకం మొత్తం అబద్ధమవుతుంది.

తలుపు బార్లా తీసి నేను పక్కకి జరిగాను. చెప్పులు వేసుకున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. గడప దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి, నాకన్నా జానెడు పొడుగు, చేతులు ముందుకి కట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా, వెళ్లనా?"

వేళాకోళం అనుకుని, "నన్నడుగుతావేంట్రా?" అని నవ్వాను. వాడు నవ్వలేదు. నిజంగానే జవాబు కోసం చూస్తున్నాడు.

"వెళ్లు" అన్నాను.

కదల్లేదు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.